పింగాణీ కోరపన్ను

సింగరాజా,
మార్చి 9

చిరంజీవి వర్సినికి, పెదనాన్న సద్రా దీవెనలు.

ఈ ఉత్తరం రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. పొద్దున కాగితం తీశాను, మడిచి మళ్ళీ పెట్టెలో పెట్టేశాను. వెళ్ళి కోళ్ళకి మేత వేశాను. కాసేపాగి మళ్ళీ వేశాను. మూడోసారి డబ్బా తీస్తుంటే మీ పెద్దమ్మ అరిచింది: "ఏమయ్యో, ఆ కోళ్ళు పొట్ట పగిలి చస్తాయి. వెళ్ళి ఆ పిల్లకి రాసెయ్!" అందుకని రాస్తున్నాను.

నువ్వు చేసిన పన్ను విరిగింది.

గురువారం నాడు మీ పెద్దమ్మ వేరుశనగలు నములుతుంటే టక్కుమంది. ఆవిడ మంచి పన్నేమో అనుకుని మొదట భయపడింది, పింగాణీదని తెలిశాక ఇంకా భయపడింది. కింది కొస ఎగిరిపోయింది. ఎంత వెతికినా ఆ ముక్క దొరకలేదు. ఏ కోడి మింగిందో. డాక్టరమ్మ మర విప్పి మిగిలిన తొడుగు చేతికిచ్చింది. ఎముకలో పాతిన మేకు మాత్రం రాయిలా ఉందట, దానికేం కాలేదట. తొడుగు ఈ డబ్బాలో దూదిలో పెట్టాను. మీ నాన్న నడిపే సురబాయా బస్సు రేపు బయలుదేరుతుంది.

ఫోను చేయొచ్చుగా అంటావు. నా చెవుల సంగతి నీకు తెలుసు. ఫోనులో సగం మాటలు వినపడతాయి, మిగతా సగం నేను కల్పించుకుంటాను. పోయిన నెల మీ నాన్న ఫోను చేసి బస్సు టైరు పేలిందన్నాడు. నేను ఎవరో పోయారనుకుని, చావులకి వేసుకునే నల్ల చొక్కా వేసుకుని బస్టాండుకి వెళ్ళి కూర్చున్నాను. మీ నాన్న దిగి, నన్నూ నా చొక్కానీ చూసి, "అన్నా, టైరుకి కూడా కర్మకాండ చేస్తావా?" అన్నాడు. ఉత్తరమే మేలు.

ఇంకో మాట. రోటి అంచుకి కొట్టుకుని పన్ను పోయిన నాటినుంచీ మీ పెద్దమ్మ నవ్వేటప్పుడు భుజం మీది తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకునేది గుర్తుందా? నువ్వు చేసిన పన్ను వచ్చాక ఆ అలవాటు పోతుందనుకున్నాను. పోలేదు. ఇప్పుడు ఇంకాస్త గట్టిగా అడ్డం పెడుతోంది.

నీ తప్పేమీ ఉండదు. ఊరికే రాస్తున్నాను.

నీ పెదనాన్న,
నెంగా సద్రా

*

సురబాయా,
మార్చి 21

పెదనాన్నకి, పెద్దమ్మకి నమస్కారాలు.

డబ్బా నాన్న తెచ్చాడు. బస్సు ఆపీ ఆపకముందే కిటికీలోంచి చేయి చాపి, "ఎవరి పన్నో కాదు, మా వదిన పన్ను, జారవిడిచావో చూడు!" అని నలుగురిలో అరిచాడు. దిగేవాళ్ళందరూ నావైపే చూశారు.

పెదనాన్నా, తప్పు నాదే. భూతద్దం కింద పెట్టి చూశాను. విరిగిన చోటికి దగ్గరలో ఆవగింజలో పదో వంతు బుడగ కనపడింది. పింగాణీ అంటే తడి పొడి. కుంచెతో పొర మీద పొర అద్దుతాం, బట్టతో తడి పీలుస్తాం, కొలిమిలో పెడతాం. తడి పూర్తిగా ఆరకుండా వేడి తగిలితే ఆవిరి లోపల చిక్కి బుడగవుతుంది. ఆ రోజు తొందరపడ్డానేమో. పెద్దమ్మ పన్ను కదా, ఎప్పుడు పూర్తవుతుందా అని నాకే ఆత్రం.

ఇంకొకటి పెద్దమ్మకి చెప్పు. మన పళ్ళకీ దవడ ఎముకకీ మధ్య వెంట్రుక మందాన ఒక పరుపులాంటిది ఉంటుంది. అన్నంలో రాయి తగలగానే చప్పున నోరు తెరిపించేది అదే. మేకుకి ఆ పరుపు లేదు, ఎముక దాన్ని నేరుగా పట్టుకుని ఉంటుంది. అందుకని ఆ పన్ను ఎంత గట్టిగా కొరుకుతోందో పెద్దమ్మకి తెలియదు. పింగాణీకి నొక్కితే ఓర్పు ఎక్కువ, వంచితే అసలు లేదు. నైవేద్యాల ఆకుదొన్నెలకి గుచ్చే వెదురు పుల్లలు ఇప్పటికీ పంటితోనే తుంచుతోందా? ఆ కోరపంటితో మాత్రం వద్దని చెప్పు.

కొత్తది మొదలుపెట్టాను. ఈసారి కూడా ఆకారం అదే. నీకు చెప్పలేదు కదూ, పెద్దమ్మ పళ్ళ ప్లాస్టర్ అచ్చు మొదటిసారి చేతికొచ్చినప్పుడు నాకు ఏడుపొచ్చింది. పెద్దమ్మ పై పళ్ళు గీత గీసి కోసినట్టు అరిగిపోయాయి. ఎన్నేళ్ళు ఎన్ని పుల్లలు కొరికిందో! మా అమ్మ పోయాక మీ ఇంట్లో ఉన్న ఆ రెండేళ్ళూ చెరుకు ముక్క కూడా తనే నమిలి మెత్తన చేసి నా నోట్లో పెట్టేది. మిగతా పళ్ళకి నేనేం చేయలేను. నా చేతికొచ్చిన ఈ ఒక్కదాన్నయినా పదిహేడేళ్ళ పిల్లకి ఉండాల్సినట్టు కొస తీర్చి చేశాను.

ఇంకొక్కసారి చూసుకుని చేయాలి. ఈ పళ్ళు చేసే చోట ఒక పద్ధతి ఉంది. ఒకరు చేసిన పన్ను ఒకే నోటినుంచి రెండుసార్లు తిరిగొస్తే, వాళ్ళని పింగాణీ బల్ల నుంచి లేపి అచ్చులు పోసే ప్లాస్టర్ గదికి పంపుతారు. ఆ బల్ల దగ్గర కూర్చోవడానికి నాకు తొమ్మిదేళ్ళు పట్టింది. భయపెట్టడానికి చెప్పడం లేదు. జాగ్రత్తగా చేస్తున్నానని చెప్పడానికే.

మీ వర్సిని

*

సింగరాజా,
ఏప్రిల్ 18

చి. వర్సినికి,

కొత్త పన్ను వచ్చింది, బిగించారు. డాక్టరమ్మ పక్క గదిలోవాళ్ళని కూడా పిలిచి చూపించింది. మీ పెద్దమ్మ అద్దంలో చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. బాగుంది అని రాయమంది.

ఈమధ్య నాకు సాన రాళ్ళ మీద మనసు పోయింది. మా నాన్న దగ్గర ఒక రాయి ఉండేది, నల్లది, లోమ్‌బోక్ నుంచి వచ్చిన పడవవాడు ఇచ్చాడు. దాని మీద ఆకురాయి కూడా పదునెక్కేది. ఆకురాయికి పదునేమిటి అంటావు. నేనూ అదే అడిగాను, నెత్తి మీద మొట్టికాయ పడింది. సరే, నాకో అనుమానం. నువ్వు చేసే పింగాణీ గట్టిదా, సాన రాయి గట్టిదా? ఊరికే అడుగుతున్నాను. ముసలివాడికి వేరే పనేముంది, ఏది దేనికంటే గట్టిదో ఆలోచిస్తూ కూర్చుంటాడు.

అలాగే ఇంకో అనుమానం. పన్ను పొడుగు ఎంత ఉండాలన్నది ఎవరు నిర్ణయిస్తారు? పుస్తకమా? ఏ దేశపు పుస్తకం?

ఏమీ లేదు. నువ్వు ఇష్టంగా చేశావని మీ పెద్దమ్మ వచ్చినవాళ్ళందరికీ చెబుతోంది. తువ్వాలు అడ్డం పెట్టుకునే చెబుతోందనుకో.

ఆ ప్లాస్టర్ గదికి కిటికీ ఉందా?

సద్రా

*

సురబాయా,
మే 27

పెదనాన్నా,

డబ్బా వచ్చింది. లోపల విరిగిన తొడుగు ఉంది. ఉత్తరం లేదు.

సాన రాయి గురించి పేజీ నిండా రాయగలిగిన మనిషివి, ఇది ఎలా విరిగిందో ఒక్క ముక్క రాయలేకపోయావా?

ఈసారి బుడగ లేదు. వంద చోట్ల చూశాను. తడి నాలుగింతల సేపు ఆరబెట్టాను. కొలిమి మూత ఒక్కసారిగా తీయకుండా, తీసీ తీయనట్టు తీసి, కాలు నొప్పి పుట్టేదాకా నిలబడి చల్లార్చాను. లోపలి లోహపు గుల్లకీ పైన పింగాణీకీ వేడికి సాగే తీరు కలవకపోతే ఊడుతుందంటారు, అదీ పరీక్షించాను. అన్నీ సరిగానే ఉన్నాయి. అయినా సరిగ్గా అదే చోట విరిగింది. ఈసారీ కొస ముక్క లేదు. మీ కోళ్ళకి పింగాణీ అంత రుచా?

నిజం చెప్పు. పెద్దమ్మ పుల్లలు తుంచుతోంది కదూ? పళ్ళు కొరుకుతోందా? ఎవరి మీదైనా కోపంగా ఉందా? డాక్టరమ్మకి ఫోను చేశాను. "నేను బిగించినప్పుడు తప్ప మళ్ళీ రాలేదమ్మా, విరిగాకే వచ్చారు" అంది.

లియేమ్‌గారు, అదే మా యజమానురాలు, ఇంకా ఏమీ అనలేదు. నా గురించి బెంగ పెట్టుకోకు. కాని నాకు తెలియాలి. నా చేతిలో తప్పుంటే అది ఏమిటో తెలియాలి. పళ్ళు కనపడేలా నవ్వే ప్రతివాళ్ళ నోట్లోనూ నాకు పగుళ్ళే కనపడుతున్నాయి.

వర్సిని

*

సింగరాజా,
జూన్ 5

చి. వర్సినికి,

నీ ఉత్తరం అందింది.

పుల్లలు తుంచడం మానేసింది. ఇప్పుడు వాకిట్లో ఆడవాళ్ళందరూ స్టేప్లర్‌తోనే దొన్నెలు కుడుతున్నారు. దేవుళ్ళు ఇనుము తినడం నేర్చుకున్నారు కాబోలు. మీ పెద్దమ్మ మాత్రం కత్తితో పుల్ల తుంచుతుంది, స్టేప్లర్ ముట్టుకోదు. పళ్ళు కొరకదు. కోపం నా మీద తప్ప ఎవరి మీదా లేదు, అది నలభై ఎనిమిదేళ్ళ నుంచీ ఉన్నదే.

మేం ఆలోచించుకున్నాం. ఇంక పన్ను వద్దులే. అరవై అయిదేళ్ళ ముసలిదానికి ఒక పన్ను లేకపోతే ఏమవుతుంది? మెత్తగా వండుకుంటాం. పన్ను విరిగింది మా అజాగ్రత్త వల్లనని మీ యజమానురాలికి చెప్పు. నేనే చెప్పానని చెప్పు.

పన్నుతోపాటు నువ్వు పంపిన అచ్చు వెనక్కి పంపుతున్నాను, నీకు దేనికైనా పనికొస్తుంది.

సద్రా

*

సురబాయా,
జూన్ 17

పెదనాన్నా,

ఈ ఉత్తరం నీ ఒక్కడికే. కాని చదివేటప్పుడు పెద్దమ్మని పక్కన కూర్చోబెట్టుకో.

నువ్వు పంపిన డబ్బాలో ప్లాస్టర్ అచ్చు కింద ఒక చిన్న పొట్లం ఉంది. లేత కొబ్బరాకు, నాలుగు మడతలు, పైన వెదురు పుల్ల గుచ్చి ఉంది. ఆ మడత ఎవరిదో నాకు తెలుసు. చిన్నప్పుడు జామకాయ ముక్కలు అలాగే కట్టి నా సంచిలో పెట్టేది. అక్షరాలు రాని మనిషి అంతకంటే ఎలా రాస్తుంది?

విప్పితే రెండు కొస ముక్కలు. మీ కోళ్ళు మింగినవి.

భూతద్దం కింద పెట్టాను. అంచు మీద గీతలున్నాయి. సన్నగా, దగ్గర దగ్గరగా, అన్నీ ఒకే వైపుకి. నమిలితే పడే గీతలు అటూ ఇటూ ఉంటాయి. కిందపడితే పెచ్చు లేస్తుంది. ఇవి ఎవరో కూర్చుని, ఓపికగా, ఒకే కోణంలో గీసిన గీతలు. చాలా బాగా గీశారు, పెదనాన్నా. నేను కూడా అంత తిన్నగా గీయలేను.

అద్దం కోసేవాణ్ణి చూశావు కదా. ముందు ఒక గీత పెడతాడు, తరవాత చేత్తో నొక్కుతాడు, అద్దం ఆ గీత వెంటే చీలుతుంది. పింగాణీ కూడా అద్దం జాతే. పైన మెరుగు పూత ఉన్నంతసేపూ చీలికకి మొదలు దొరకదు. పూత పోయి ఒక్క గీత మిగిలితే చాలు, కొరికినప్పుడల్లా ఆ గీత లోపలికి కొంచెం కొంచెం పాకుతుంది. ఆ తరవాత వేరుశనగ గింజ కూడా అక్కర్లేదు.

నేనూ నీకొకటి దాచాను. లియేమ్‌గారు ఏమీ అనలేదని రాశాను. అది అబద్ధం. రెండో పన్ను వచ్చిన మర్నాడే నన్ను ప్లాస్టర్ గదికి పంపారు. గోళ్ళలో సున్నం పెట్టుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను. కిటికీ ఉంది, గోడకి తెరుచుకుంటుంది. ఎప్పుడైనా ఎవరైనా తిరిగి పింగాణీ బల్లకి వెళ్ళారా అని అడిగితే, ఇక్కడి పెద్దాయన నవ్వాడు.

ఈ ముక్కలు లియేమ్‌గారి ముందు పెడితే నా చేతిలో తప్పు లేదని ఆవిడకే తెలుస్తుంది. కాని పెడితే ఇంకొకరి చేతిని చూపించినట్టవుతుంది. ఆ చేతితో నేను రెండేళ్ళు అన్నం తిన్నాను. అందుకని పొట్లం మళ్ళీ మడిచి, పుల్ల గుచ్చి, నా దగ్గరే పెట్టుకున్నాను.

నువ్వు చెప్పేదాకా ఎవరికీ చూపించను.

వర్సిని

*

సింగరాజా,
జూన్ 24

తల్లీ వర్సినీ,

నీ ఉత్తరం మీ పెద్దమ్మకి చదివి వినిపించాను. పొట్లం దగ్గరికి వచ్చేసరికి ఆగి ఆవిడవైపు చూశాను. "చూస్తావేం, చదువు" అంది. ప్లాస్టర్ గది దగ్గరికి వచ్చేసరికి లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. తిరిగొచ్చి, "నువ్వు రాస్తావా, నేను బస్సెక్కనా?" అంది. ఆవిడ బస్సెక్కితే మీ నాన్న బస్సు ఓడెక్కి సముద్రం దాటేలోగా ప్రయాణికులందరికీ నా కథ తెలిసిపోతుంది. కాబట్టి నేనే రాస్తున్నాను.

ఆ గీతలు నావి.

మొదటి నుంచీ చెబుతాను, ఓపిక పట్టు. నేనేం చేసి బతికానో నీకు తెలుసు: ఊళ్ళో ఈడొచ్చిన పిల్లలకి పై వరసలో ముందు ఆరు పళ్ళు ఆకురాయితో రాసి చదును చేసేవాణ్ణి. మా నాన్నా అదే, తాతా అదే. నువ్వు చిన్నదానివి, ఆ తంతు జరిగే రోజుల్లో నిన్ను విందులోని పంది మాంసం వాసనకి దూరంగా పక్కింట్లో కూర్చోబెట్టేవాళ్ళం, మీ మతంలో అది కూడదని మీ నాన్నకి మాట ఇచ్చాం మరి. అందుకని నువ్వెప్పుడూ దగ్గర నుంచి చూడలేదు. ఇప్పటి పిల్లలకి మూడుసార్లు ఆకురాయి తగిలించి అయిందనిపిస్తారు, నువ్వు విన్నదీ అదే. అప్పట్లో అలా కాదు, నిజంగానే రాసేవాళ్ళం. కామం, క్రోధం, లోభం, మోహం, మదం, మాత్సర్యం, పంటికొకటి. కోరల మొన పోవాలి. మొన ఉంటే జంతువు, మొన పోతేనే మనిషి. కోరలతో పోయినవాళ్ళని అవతల పెద్దలు గుర్తుపట్టరంటారు.

మీ పెద్దమ్మ పళ్ళు అరిగిపోలేదమ్మా. నేనే రాశాను.

ఆవిడకి పదిహేడు, నాకు ఇరవై ఒకటి. ఆ రోజు మా నాన్నకి జ్వరం. "వెళ్ళు, చేయి వణికితే ఇంటికి రాకు" అని నా చేతిలో ఆకురాయి పెట్టాడు. సందాత్, అదే మీ పెద్దమ్మ, మంచం మీద పసుపు చీరలో పడుకుని ఉంది. నోరు మూతపడకుండా దవడ చివర చెరుకు ముక్క పెట్టాలి. నేను పెట్టింది ఎండు ముక్క, ఆవిడ ముఖం చిట్లించింది. తీసి ఇంకోటి పెట్టాను. అదీ చప్పగా ఉందేమో అనిపించింది. మూడోది నేనే కొరికి చూసి, తియ్యగా ఉన్నది ఎంచి పెట్టాను. ఆవిడ తల్లి అక్కడే నిలబడి, "అబ్బాయీ, పళ్ళు రాయడానికొచ్చావా, చెరుకు అమ్ముకోవడానికొచ్చావా?" అంది. అందరూ నవ్వారు. సందాత్ నోట్లో చెరుకుతో, కళ్ళతో నవ్వింది. కుడి కోరపన్ను రాస్తున్నప్పుడు ఒక కన్నీటి చుక్క నా మణికట్టు మీద పడింది. నేను ఆగాను. ఆవిడ రెండు వేళ్ళతో నా చేయి తట్టింది, కానివ్వు అన్నట్టు. ఆ పన్నే రోటి అంచుకి తగిలి పోయింది.

నువ్వు చేసిన పన్ను చాలా అందంగా ఉంది. కాని దానికి మొన ఉంది. మొదటిసారి బిగించిన రోజు ఇంటికొచ్చి అద్దం ముందు కూర్చుంది. "ఏమయ్యో, నాకు మళ్ళీ కోర మొలిచింది. పైకి వెళ్ళాక మా అమ్మ తలుపు తీసి, ఎవరో రాకాసి వచ్చిందనుకుని మళ్ళీ వేసేసుకుంటే?" అంది. నవ్వుతూనే అంది. తువ్వాలు అడ్డం పెట్టుకుని అంది.

"వర్సినికి చెబుదాం, పొట్టిగా చేసి పంపుతుంది" అన్నాను. కోప్పడింది. "ఆ పిల్ల తల్లి లేని పిల్ల. నా కోసం కూర్చుని చేసింది. బాగా లేదని చెబుతావా? నోరెలా వస్తుంది నీకు? నీ చేతిలో ఆకురాయి లేదా?"

ఉంది. మంచి రోజు చూశాం. చెరుకు ముక్క పెట్టాను. ఆకురాయి జారిపోయింది, పింగాణీ దాన్ని లెక్కచేయలేదు. అప్పుడు మా నాన్న నల్ల సాన రాయి తీశాను. అది పట్టింది. రాస్తూ, "నొప్పిగా ఉందా?" అని అడిగాను. "ఏం, మొదలెట్టావా?" అంది.

అప్పుడే ఆగిపోవాల్సింది నేను. దాదాపు యాభై ఏళ్ళు పళ్ళు రాసినవాణ్ణి, పన్ను ఎంతవరకు ఓర్చుకుంటుందో అవతలి మనిషి కనుబొమ్మలు చూసి తెలుసుకున్నాను తప్ప ఏ పుస్తకమూ చదవలేదు. ఈ పన్నుకి కనుబొమ్మలు లేవు. ఎంత రాసినా ఎవరికీ ఏమీ తెలియదు. మూడు రోజులకి విరిగింది. రెండోసారి నీళ్ళు పోస్తూ, నెమ్మదిగా, మరింత నున్నగా రాశాను. ఇరవై ఆరు రోజులు నిలిచింది. అప్పుడు కూడా నా రాయి మీద నాకు అనుమానం రాలేదు. నీ కొలిమినే అనుమానించాను. అది చెప్పడానికి సిగ్గుగా ఉంది.

ముక్కలు నేనే దాచాను. అలమర పైన అగ్గిపెట్టెలో పెట్టాను. మీ పెద్దమ్మ నాకు చెప్పకుండా తీసి నీకు పంపింది. నేను ఎప్పటికీ చెప్పనని ఆవిడకి అర్థమైపోయినట్టుంది.

ఇందులో ఇంకో కవరు ఉంది, మీ లియేమ్‌గారికి. సంగతంతా రాసి సంతకం పెట్టాను. నల్ల రాయి కూడా పంపుతున్నాను. గీతలకీ రాయికీ పోల్చి చూసుకోమను. ఆ పొట్లం విప్పి ఆవిడ ముందు పెట్టు. నా చేతిని చూపించినట్టవుతుందని రాశావు. చూపించు. ఆ చేయి ఏమీ అనుకోదు.

నీ పెదనాన్న

*

సురబాయా,
జులై 8

పెదనాన్నా, పెద్దమ్మా,

రాయి తిరిగి పంపుతున్నాను. అంత బరువు ఎందుకు మోయించావని నాన్న తిడుతున్నాడు.

లియేమ్‌గారు నీ ఉత్తరం రెండుసార్లు చదివారు. ముక్కల్ని భూతద్దం కింద పెట్టి, రాయిని వేలితో తడిమి చూశారు. చివరికి, "ఈయన చేయి బాగుంది. మన దగ్గర పని చేస్తాడా?" అన్నారు. తరవాత నన్ను తిట్టారు. "నోరు చూడకుండా ప్లాస్టర్ చూసి పన్ను చేసేవాళ్ళం మనం. అయిదు పళ్ళు ఒక్క గీతలో ఉంటే అరిగాయని నీకు నువ్వే అనేసుకున్నావా? ఒక్క ఫోను చేసి అడగాలనిపించలేదా? ఎంతమంది కోరలు తీర్చేశావో ఇలా! వెళ్ళు, నీ బల్ల మీద దుమ్ము పేరుకుంది, తుడుచుకో."

తుడుచుకున్నాను.

ఆవిడ తిట్టింది నిజమే, పెదనాన్నా. తప్పంతా నీ రాయి మీద వేసుకోకు. పెద్దమ్మ మిగతా అయిదు పళ్ళూ చదునుగా ఉన్నాయి. నేను చేసిన ఒక్కటే కిందికి పొడుచుకొచ్చింది. దవడ పక్కకి జరిగినప్పుడల్లా ఆ అయిదూ తప్పుకుని భారమంతా దాని మీదే పడుతుంది. అదీ మొన మీద, అదీ పక్కనుంచి. మెత్తగా వంగడానికి కింద పరుపు లేదు. నీ గీతలు తగలకపోయినా ఏ సంవత్సరానికో విరిగేదే. పదిహేడేళ్ళ పిల్లకి ఉండాల్సినట్టు చేశానని గొప్పగా రాశాను కదా. పదిహేడేళ్ళకి పెద్దమ్మ పన్ను ఎలా ఉందో చూసినవాడివి నువ్వు. అడగకుండా చేసినదాన్ని నేను.

ఈ డబ్బాలో మూడో పన్ను ఉంది. పొట్టిది. లోపలి లోహపు గుల్లని కూడా పొట్టిగా మార్చాను, పింగాణీ ఎక్కడా దన్ను లేకుండా వేలాడదు. కాని ఇది పూర్తి కాలేదు. పట్టుకుంటే గరుగ్గా ఉంటుంది, కోడిగుడ్డు పెంకులాగా. మెరుగు పూత వేయలేదు. కావాలనే వేయలేదు.

డాక్టరమ్మతో మాట్లాడాను. మంచి రోజు చూసి చెప్పు, ఆవిడ దీన్ని వదులుగా బిగిస్తుంది. ఎడమ కోరపన్ను కంటే దీన్ని గోటి మందంలో సగం పొడుగు ఉంచాను. అది నీ కోసం. రాయితో కాదు, ఆకురాయితో. పూత లేదు గనక ఈసారి ఆకురాయికి పట్టు దొరుకుతుంది. మూడుసార్లు రుద్దు, ఎడమదానితో సమానం కాగానే ఆగు. కనుబొమ్మలు లేవన్నావు కదా, అందుకని అంచున పెన్సిలుతో గీత పెట్టాను. అది చెరిగిపోగానే ఆపెయ్యి. తరవాత డాక్టరమ్మ విప్పి నాకు పంపుతుంది. నేను పూత వేసి ఇంకొక్కసారి కొలిమిలో పెడతాను. పూత కరిగి నీ గీతలన్నిటినీ నింపేస్తుంది. పైనుంచి చూస్తే ఏమీ కనపడదు. కాని నువ్వు ఆకురాయి పట్టినట్టు మనకి తెలుసు, పెద్దమ్మ అమ్మగారికీ తెలుస్తుంది.

చెరుకు మాత్రం తియ్యటిది చూసి పెట్టు.

మీ వర్సిని

*

సింగరాజా,
సెప్టెంబరు 30

చి. వర్సినికి,

పన్ను వచ్చి ఆరు వారాలు దాటింది. ముందే రాయాల్సింది. రాస్తే విరుగుతుందేమోనని రాయలేదు.

ఆకురాయి పట్టిన రోజు సంగతి చెప్పలేదు కదూ. డాక్టరమ్మ గదిలోనే రాశాను. ఆవిడ కుర్చీ మంచంలా వెనక్కి వాలుతుంది, చాలా సౌకర్యం, మా నాన్న చూసి ఉంటే ఒకటి చేయించుకునేవాడు. సందాత్ పసుపు చీర కట్టుకొచ్చింది. చెరుకు నేను కొరికి చూసే పెట్టాను. డాక్టరమ్మ అదేమిటని అడగలేదు, తనకీ ఒక ముక్క ఇమ్మంది. మూడోసారికి నీ పెన్సిలు గీత చెరిగిపోయింది. ఆగిపోయాను. ఆకురాయి పక్కన పెట్టేసరికి మీ పెద్దమ్మ రెండు వేళ్ళతో నా చేయి తట్టింది. నొప్పేమీ తెలియదు కదా, ఎందుకు తట్టావని ఇంటికొచ్చాక అడిగాను. "అలవాటు" అంది.

నీ పెన్సిలు గీత గురించి నేను చాలా ఆలోచించాను. యాభై ఏళ్ళలో నాకెవరూ ఎక్కడ ఆపాలో గీత గీసి ఇవ్వలేదు. ఎన్ని పళ్ళు అవసరం కంటే ఎక్కువ రాశానో. ఆకురాయి నూనె పూసి చుట్టి పైన పెట్టేశాను. పక్క ఊళ్ళో ఈ పని నేర్చుకుంటున్న కుర్రాడు వచ్చి అడిగితే ఇచ్చేస్తాను. పెన్సిలు కూడా ఇస్తాను.

నిన్న మీ నాన్న వచ్చాడు. వాకిట్లో కూర్చుని వేయించిన వేరుశనగలు తిన్నాం, ముగ్గురమూ. నేను టైరుకి నల్ల చొక్కా వేసుకొచ్చిన కథ మళ్ళీ చెప్పాడు. మీ పెద్దమ్మ ఆ కథ పదిసార్లు విన్నది. నవ్వింది. తువ్వాలు భుజం మీదే ఉంది.

తరవాత బస్సుకి వేళవుతోందని మీ నాన్న లేచి వెళ్ళిపోయాడు.

నీ పెదనాన్న,
నెంగా సద్రా